పదార్థ భౌతికశాస్త్రం రెండో మేజర్‌గా: ఒక గణిత విద్యార్థి సమీక్ష

పదార్థ భౌతికశాస్త్రం, సాంకేతికత అనే ఈ కోర్సును గణితానికి తోడుగా రెండో మేజర్‌గా, అంటే రెండో ప్రధాన విషయంగా, తీసుకుని, మొదటి క్లాసు నుంచి చివరి ల్యాబ్ రికార్డు దాకా పూర్తి చేశాను. తీసుకోవాలా వద్దా అని ఊగిసలాడేవాళ్లు నన్ను అడిగేవి దాదాపు ఒకే ప్రశ్నలు: కష్టమా, మొదటి మేజర్ దెబ్బతింటుందా, చివరికి చేతికి వచ్చేదేమిటి? వీటికి విడివిడిగా జవాబు చెప్పడం కంటే కోర్సు లోపల ఏం జరుగుతుందో చెప్పడమే మేలనిపించి ఇది రాస్తున్నాను. నా అభిప్రాయం మాత్రం ముందే చెప్పేస్తాను. ఈ రెండో మేజర్ విలువలో ముప్పాతిక వంతు ప్రయోగశాలల్లోనే ఉంది. ల్యాబ్‌ల మీద మక్కువ లేకుండా, సిద్ధాంత భాగం నచ్చి దీన్ని తీసుకునేవాళ్లు అదే సిద్ధాంతాన్ని భౌతికశాస్త్ర విభాగంలో రెండు మూడు పేపర్లుగా చదువుకుంటే సరిపోతుంది. దానికోసం ఇంత బరువు నెత్తికెత్తుకోనక్కర్లేదు.

కోర్సు పేరులో రెండు మాటలే ఉన్నా, లోపల నడిచేవి మూడు ప్రశ్నలు. ఘనపదార్థం లోపలి అమరిక ఏమిటి, ఆ అమరిక వల్ల దానికి ఏ గుణాలు వస్తాయి, మనకు కావలసిన గుణం రావాలంటే దాన్ని ఎలా తయారు చేయాలి? మొదటి రెండింటికీ కాగితం, కలం చాలు. మూడోదాని దగ్గరికి వచ్చేసరికి చేతులు మసి కావలసిందే.

మొదటి సెమిస్టరు స్ఫటికశాస్త్రంతో మొదలవుతుంది. గణితం నుంచి వచ్చినవాళ్లకు ఇది పుట్టింటికి వెళ్లినట్టే ఉంటుంది. మూడు దిక్కుల్లోనూ ఒకే నమూనా మళ్లీ మళ్లీ రావాలన్న ఒక్క షరతు పెడితే లాటిస్‌లు (ఆ నమూనా పునరావృతమయ్యే బిందువుల జాలకాలు) 14 రకాలకు మించి సాధ్యం కావు, ఒక బిందువు చుట్టూ ఉండే సమరూపతల సమూహాలైన పాయింట్ గ్రూపులు 32కు మించవు, జరపడాలను కూడా కలుపుకున్న స్పేస్ గ్రూపులు సరిగ్గా 230 తేలుతాయి. ఈ లెక్కను ఫెదొరోవ్, షోన్‌ఫ్లీస్ 1891 నాటికే ఎవరి దారిన వాళ్లు తేల్చారు. సమరూపతలను లెక్కగట్టే గణితమైన గ్రూప్ థియరీని అప్పటిదాకా నిరూపణలుగా మాత్రమే చూసిన నాకు, చూడటానికి గాజులా ఉండే క్వార్ట్జ్ ముక్కను నొక్కితే విద్యుత్తు పుట్టవచ్చా లేదా అన్నది కూడా దాని గ్రూపులో సమరూపతా కేంద్రం (ప్రతి బిందువునూ ఎదురు వైపుకు తిప్పినా అమరిక మారని చోటు) ఉందో లేదో చూసి ముందే చెప్పవచ్చని తెలిసిన రోజు కలిగిన ఆనందం ఇంకా గుర్తుంది. స్ఫటికంలో ఐదు రెట్ల సమరూపత (చుట్టులో ఐదోవంతు తిప్పినా అమరిక మారకపోవడం) కుదరదని ఒక వారం నిరూపించి, మరుసటి వారమే 1982లో షెక్ట్‌మన్ అల్యూమినియం-మాంగనీస్ మిశ్రలోహపు డిఫ్రాక్షన్ చిత్రంలో (కిరణాలు స్ఫటికంలో చెదిరి ఏర్పడే చుక్కల చిత్రంలో) అలా కుదరకూడని పది చుక్కల వలయాలను చూసిన సంగతి చెప్పి, ‘నిరూపణలో తప్పెక్కడుంది?’ అని అడిగారు. తప్పు నిరూపణలో లేదు, నమూనా పునరావృతమై తీరాలన్న షరతులో ఉంది. పాఠం చెప్పిన తీరులో నాకు బాగా నచ్చినది ఇదే.

రెసిప్రోకల్ లాటిస్ (లాటిస్‌కు ఫూరియే పరివర్తనలో వచ్చే రూపం) దగ్గర తరగతి రెండుగా చీలిపోతుంది. దేన్నైనా తరంగాలుగా విడగొట్టి చూసే ఈ ఫూరియే పరివర్తన తెలిసినవాళ్లకు అది పాత స్నేహితుడు కొత్త చొక్కా వేసుకుని వచ్చినట్టు కనిపిస్తుంది; రసాయనశాస్త్రం మొదటి మేజర్‌గా ఉన్న నా సహవిద్యార్థులకు మాత్రం అది నాలుగైదు వారాలు కొరుకుడు పడలేదు. ఆ తర్వాత థర్మోడైనమిక్స్ మొదలుకాగానే వాళ్లు నా మీద కసి తీర్చుకున్నారనుకోండి.

పదార్థం మీద పడిన ఎక్స్-కిరణాలు ఏ కోణాల్లో బలంగా చెదురుతాయో కొలిచే ఎక్స్-రే డిఫ్రాక్షన్ ల్యాబ్‌లో మాకు ఇచ్చిన మొదటి పని రెండు తెల్లని పొడులను వేరుపరచడం. ఒకటి సోడియం క్లోరైడ్, రెండోది పొటాషియం క్లోరైడ్. రెండింటి అమరికా ఒకటేనని పుస్తకం చెబుతుంది. కాని తెరమీద గీత సాగుతున్నకొద్దీ మొదటిదానిలో 27 డిగ్రీల దగ్గర ఒక చిన్న శిఖరం, 32 డిగ్రీలకు కాస్త ముందు పెద్ద శిఖరం కనిపించాయి. రెండోదానిలో ఆ చిన్న శిఖరం ఉండవలసిన చోట ఖాళీగా ఉంది. పొటాషియం అయాన్‌లోనూ క్లోరైడ్ అయాన్‌లోనూ 18 ఎలక్ట్రాన్లే ఉంటాయి కాబట్టి ఎక్స్-కిరణాలకు ఆ రెండూ ఒకే రకం పరమాణువులా కనిపిస్తాయి; వాటి మధ్య తేడా మీద ఆధారపడిన శిఖరాల దగ్గర ఆ రెండింటి నుంచి వచ్చే తరంగాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని శిఖరాలు మాయమైపోతాయి. ఏ శిఖరం ఎంత ఎత్తు ఉంటుందో చెప్పే స్ట్రక్చర్ ఫాక్టర్ సూత్రాన్ని అంతకు ముందే పది లెక్కల్లో వాడాను. అయినా కనిపించని శిఖరం ఒకటి ఎలక్ట్రాన్ల లెక్క చెప్పడం చూశాక గాని ఆ సూత్రం నాకు ఒంటబట్టలేదు.

అదే ల్యాబ్‌లో ఒక భంగపాటు కూడా ఎదురైంది. సోడియం క్లోరైడ్ లాటిస్ కొలత, అంటే పునరావృతమయ్యే గడి పొడవు, 5.64 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే నానోమీటరులో పదోవంతు) రావాలి. నాకు మొదటి శిఖరం నుంచి 5.65 వచ్చింది. ఆంగ్‌స్ట్రామ్‌లో నూరోవంతు తేడాయే కదా అని రికార్డులో రాసేశాను. మా ల్యాబ్ అధ్యాపకురాలు దాన్ని చూసి, పొడి నింపిన పళ్లేన్ని కంటి ఎత్తుకు ఎత్తి పక్కనుంచి చూడమన్నారు. పొడి మట్టం పళ్లెం అంచు కంటే వెంట్రుకవాసి కిందికి ఉంది. 20 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న ఆ యంత్రంలో పొడి మట్టం మిల్లీమీటరులో పదోవంతు దిగితే చాలు, శిఖరాలన్నీ డిగ్రీలో ఇరవయ్యోవంతు దాకా తక్కువ కోణాల వైపు జరుగుతాయి. లాటిస్ సరిగ్గా ఆ నూరోవంతు పెద్దదిగా కనిపిస్తుంది. పెద్ద కోణాల దగ్గర ఈ దోషం తగ్గిపోతుంది గనుక అన్ని శిఖరాల నుంచీ లాటిస్ కొలత లెక్కగట్టి, ఆ విలువలను 180 డిగ్రీల వైపు పొడిగించి చూస్తే అసలు విలువ దొరుకుతుంది. గణితంలో నేను ఎప్పుడూ దోషాన్ని ఎప్సిలాన్ (ఎంత చిన్నదైనా కావచ్చనే సంఖ్యకు గుర్తు) అని రాసి వదిలేసేదాన్ని. ఆ ఎప్సిలాన్‌కు ఒక ఎత్తు, ఒక దిక్కు, ఒక కారణం ఉంటాయని ఈ కోర్సు నేర్పింది.

రెండో సంవత్సరంలో లోపాల పేపరు వస్తుంది. లోపాలంటే స్ఫటికంలోని లోపాలు, పాఠ్యప్రణాళికలోవి కావు, వాటి సంగతికి తర్వాత వస్తాను. నన్నడిగితే మొత్తం కోర్సుకు గుండెకాయ ఈ పేపరే. పరిపూర్ణమైన రాగి స్ఫటికంలో ఒక పరమాణువుల పొర మరో పొర మీద జారాలంటే ఎంత బలం కావాలో 1926లో ఫ్రెంకెల్ లెక్కకట్టాడు. ఆ లెక్క ప్రకారం రాగికి ఏడెనిమిది గిగాపాస్కళ్లు కావాలి; నిజమైన మెత్తటి రాగి స్ఫటికం ఒక మెగాపాస్కల్ (గిగాపాస్కల్‌లో వెయ్యోవంతు) దరిదాపుల్లోనే లొంగిపోతుంది. వేల రెట్ల ఈ తేడాకు జవాబు 1934లో టేలర్, ఓరోవన్, పొలాన్యీ ముగ్గురికీ విడివిడిగా తట్టింది: పొర మొత్తం ఒక్కసారిగా జారదు, డిస్‌లొకేషన్ అనే ఒక గీత వెంట వరస తర్వాత వరసగా జారుతుంది. మా అధ్యాపకుడు దీన్ని బోర్డు మీద గీయకుండా, వెడల్పాటి పళ్లెంలో సబ్బునీళ్లు పోసి, సన్నని గొట్టంతో ఒకే పరిమాణంలో వందల బుడగలు ఊది చూపించారు. బ్రాగ్, నై 1947లో చేసిన ప్రయోగమే అది. బుడగలు తమంతట తామే షడ్భుజాల వరసల్లో కుదురుకున్నాయి. అంచును అద్దం పలకతో మెల్లగా నెట్టగానే ఒక వరస తెగిన చోటు బుడగల తెప్ప మీదుగా ఈ చివరి నుంచి ఆ చివరికి చురుక్కున పరుగెత్తింది. తర్వాత అందరికీ ఎర్రగా కాల్చి చల్లార్చిన రాగి తీగ ఒక్కొక్క ముక్క ఇచ్చి వంచమన్నారు. మొదటిసారి మైనంలా వంగింది. తిరిగి తిన్నగా చేయబోతే మొరాయించింది, మూడోసారికి వేళ్లు నొప్పి పుట్టాయి. వంచినకొద్దీ డిస్‌లొకేషన్లు పెరిగి ఒకదానికొకటి అడ్డుపడి చిక్కుపడటమే దీనికి కారణం. లోహాన్ని మెత్తగా చేసేదీ గట్టిగా చేసేదీ ఒకే లోపమన్న ముక్క ఆ నొప్పితోపాటు గుర్తుండిపోయింది.

లోహాన్ని మెరుగుపెట్టి సూక్ష్మదర్శిని కింద చూసే మెటలోగ్రఫీ ల్యాబ్ గురించి నిజం చెప్పాలంటే, మొదటి రెండు వారాలు నాకు ఏడుపు వచ్చింది. 0.45 శాతం కార్బన్ ఉన్న ఉక్కు కడ్డీ నుంచి ఒక ముక్క కోసి, రెసిన్‌లో బిగించి, 240 నంబరు సిలికాన్ కార్బైడ్ గరుకు కాగితంతో (నంబరు పెరిగేకొద్దీ నునుపు) మొదలుపెట్టి 1200 దాకా నీళ్ల కింద అరగదీయాలి. కాగితం మార్చిన ప్రతిసారీ ముక్కను 90 డిగ్రీలు తిప్పాలి, వెనకటి గీతలన్నీ పోయేదాకా మరో కాగితానికి వెళ్లకూడదు. ఆ తర్వాత మెత్తటి గుడ్డ మీద వజ్రపు పేస్టుతో, చివరికి ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యోవంతు) దాకా మెరుగు పెట్టాలి. అద్దంలా మెరిసిందనుకుని సూక్ష్మదర్శిని కింద పెడితే 400 కాగితం నాటి గీత ఒకటి అడ్డంగా వెక్కిరిస్తూ ఉంటుంది. మళ్లీ మొదటికి రావాలి. నాలుగోసారికి కుదిరింది. నైట్రిక్ ఆమ్లం కొద్దిగా కలిపిన ఆల్కహాల్‌లో కొన్ని సెకన్లు ముంచి, కడిగి, ఆరబెట్టి చూస్తే అద్దం మసకబారి, దానిలోంచి తెల్లని ఫెరైట్ (దాదాపు శుద్ధ ఇనుము) గ్రెయిన్లు, అంటే చిన్న స్ఫటికాలు, వాటి మధ్య నల్లని పెర్లైట్ (ఫెరైట్, ఐరన్ కార్బైడ్ పొరల మిశ్రమం) మడులు తేలాయి. పెద్దది చేసి చూస్తే ఆ నలుపు నలుపే కాదు, వేలిముద్రలా పక్కపక్కన సాగిన సన్నని పొరలు. ఫేజ్ డయాగ్రమ్ (ఏ ఉష్ణోగ్రత, ఏ మిశ్రమం దగ్గర పదార్థం ఏ రూపంలో ఉంటుందో చూపే పటం) మీది దూరాల నుంచి ఏది ఎంత ఉందో తేల్చే లీవర్ సూత్రం ప్రకారం ఈ ఉక్కులో పెర్లైట్ 58 శాతం ఉండాలి. సూక్ష్మదర్శిని కంటి కటకంలో కనిపించే గళ్ల కూడళ్లలో పెర్లైట్ మీద పడినవి ఎన్నో లెక్కపెడితే నాకు 55 వచ్చింది. ఫేజ్ డయాగ్రమ్ మీద గీసిన అడ్డగీత ఒకటి కంటి ముందు నలుపు తెలుపుల్లో నిలబడటం అంటే ఏమిటో ఆ రోజు చూశాను.

అదే కడ్డీలోని మరో ముక్కను 850 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి నీళ్లలో ముంచితే, వికర్స్ కాఠిన్యం (గట్టిదనానికి ఒక కొలత) 200 దరిదాపుల నుంచి 600 దాటిపోయింది. గట్టిపడింది సరే, బల్ల మీద నుంచి జారిపడి నా పక్కవాడి ముక్క రెండయింది. ఇలా ఒక్కసారిగా చల్లార్చినప్పుడు ఉక్కులో ఏర్పడే మార్టెన్‌సైట్ పెళుసుదనం గురించి పుస్తకంలో ఉన్న రెండు పేజీలనూ ఆ ఒక్క చప్పుడు చెప్పేసింది. పెళుసు తగ్గించడానికి మళ్లీ వేడి చేయాలి. మెరుగు పెట్టిన ఉక్కు మీద 220 డిగ్రీల ప్రాంతంలో గడ్డి పసుపు, 300 ప్రాంతంలో నీలం రంగు తేలడం చూస్తుంటే, థర్మామీటరు లేని కొలిమి దగ్గర రంగు చూసి పదును తేల్చినవాళ్ల చేతిలో ఉన్నది ఆక్సైడ్ పొర మందం కొలిచే పద్ధతేనని అర్థమైంది.

సెమీకండక్టర్ భాగం వీటికి పూర్తిగా భిన్నం. ఇక్కడ అన్నీ అంకెలు, అన్నీ శుభ్రత. సిలికాన్‌లో 50 లక్షల పరమాణువులకు ఒక్క ఫాస్ఫరస్ పరమాణువు చేరితే గది ఉష్ణోగ్రత వద్ద స్వేచ్ఛా ఎలక్ట్రాన్ల సంఖ్య పది లక్షల రెట్లు పెరుగుతుంది; ఈ ఒక్క వాక్యాన్ని నిరూపించుకోవడానికి ఒక సెమిస్టరు పడుతుంది, పట్టినా నష్టం లేదు. అయస్కాంత క్షేత్రంలో అడ్డంగా పుట్టే వోల్టేజీని కొలిచే హాల్ ప్రభావం ప్రయోగం, నిరోధాన్ని కొలిచే నాలుగు సూదుల ప్రయోగం బాగున్నాయి. పలుచని పొరలు వేసే యంత్రాన్ని మాత్రం మాకు అద్దం బయటి నుంచి చూపించి సరిపెట్టారు.

ఇక పాఠ్యప్రణాళికలోని లోపాలు. ఘనపదార్థంలో ఎలక్ట్రాన్లకు ఏ శక్తులు సాధ్యమో చెప్పే బ్యాండ్ సిద్ధాంతాన్ని మాకు రెండు పేపర్లలో రెండుసార్లు చెప్పారు. ఒకరు రసాయన పొటెన్షియల్ అన్నదాన్నే మరొకరు ఫెర్మి లెవెల్ అన్నారు. ఒకరు ఆంగ్‌స్ట్రామ్‌లు, ఒకరు నానోమీటర్లు. ఎలక్ట్రాన్ ఆవేశానికి రాసే e అక్షరం విలువ ఒకరి బోర్డు మీద ధనాత్మకం (ఆవేశం -e), మరొకరి బోర్డు మీద రుణాత్మకం. ఆ ఇద్దరూ ఒక్క పూట కూర్చుని మాట్లాడుకుంటే పోయే చిక్కు ఇది. భౌతికశాస్త్రం మొదటి మేజర్‌గా ఉన్నవాళ్లు తట్టుకున్నారు. మిగిలినవాళ్లం ఒకే విషయాన్ని రెండు విషయాలనుకుని రెండుసార్లు బట్టీపట్టాం. అంత సమయం ఇక్కడ ఖర్చు చేసి, కోర్సులో అన్నిటికంటే ఎక్కువగా పనికివచ్చే ఫేజ్ డయాగ్రమ్‌లను మూడు వారాల్లో పరుగెత్తించారు. ఇనుము 912 డిగ్రీల దగ్గర అమరిక మార్చుకుంటుందని, 727 దగ్గర యూటెక్టాయిడ్ చర్య (ఒక ఘనరూపం రెండు ఘనరూపాలుగా విడిపోవడం) జరుగుతుందని అంకెలు నేర్పారు గాని, ఫ్రీ ఎనర్జీ వక్రరేఖలకు ఉమ్మడి స్పర్శరేఖ గీసి ఆ పటం ఎలా పుడుతుందో నేను సొంతంగా కూర్చుని నేర్చుకోవలసి వచ్చింది.

రెండో మేజర్ విద్యార్థులకు ప్రత్యేకంగా తగిలే దెబ్బ మరొకటి ఉంది. యంత్రాల స్లాట్‌లు ముందు ఆ విభాగం సొంత విద్యార్థులకు ఇస్తారు, మిగిలినవి మనకు. ఇట్రియం బేరియం కాపర్ ఆక్సైడ్ అనే సూపర్ కండక్టర్ బిళ్లను తయారు చేసి, ద్రవ నైట్రోజన్‌లో చల్లబరిచి, 90 కెల్విన్‌ల ప్రాంతంలో దాని విద్యుత్ నిరోధం సున్నాకు పడిపోవడం చూడటం మా చివరి ప్రయోగం. బిళ్లను 940 డిగ్రీల దగ్గర కాల్చాక ఆక్సిజన్ ప్రవాహంలో మెల్లగా, రాత్రంతా చల్లార్చాలి. మా జట్టుకు దొరికిన స్లాట్ సాయంత్రానికి అయిపోయేది; తర్వాతి జట్టు వచ్చి నిలబడేసరికి బిళ్లను వేడిగానే బయటికి తీశాం. 77 కెల్విన్‌ల దాకా చల్లబరిచినా నిరోధం తగ్గకపోగా పెరుగుతూ పోయింది. కారణం అందరికీ తెలుసు: 500 డిగ్రీలకు దిగువన తీరిగ్గా పీల్చుకోవలసిన ఆక్సిజన్‌ను ఆ బిళ్ల పీల్చుకోలేదు, ఆక్సిజన్ చాలకపోతే అమరిక టెట్రాగనల్‌గానే (చదరపు అడుగున్న పెట్టె ఆకారంలోనే) మిగిలిపోతుంది, ఆ రూపంలో అది సూపర్ కండక్టర్ కాదు. రెండు వారాల తర్వాత అదే బిళ్లను 450 డిగ్రీల దగ్గర ఆక్సిజన్‌లో రాత్రంతా ఉంచే అవకాశం దొరికింది, ఈసారి 90 దగ్గర గీత నిట్టనిలువునా కిందికి పడింది. పాడైన బిళ్ల వల్ల నేర్చుకున్నది బాగైన బిళ్ల వల్ల నేర్చుకున్నదానికంటే ఎక్కువేనని ఒప్పుకుంటాను. అయినా అది ప్రయోగం రూపకల్పనలోని గొప్పతనం కాదు, టైమ్‌టేబుల్‌లోని నిర్లక్ష్యం.

మొదటి మేజర్ దెబ్బతింటుందా అన్న ప్రశ్నకు నా అనుభవం ఇది. ల్యాబ్ గంటలకు లెక్కలో ఇచ్చే క్రెడిట్లు తక్కువ, పట్టే సమయం ఎక్కువ. మూడు గంటల ల్యాబ్ అని రాసి ఉంటే రికార్డుతో కలిపి ఎనిమిది గంటలు వేసుకోవాలి. ఒక సెమిస్టరులో నా టోపాలజీ మార్కులు పడిపోయాయి, అందుకు నిస్సందేహంగా ఆ 1200 కాగితమే కారణం. అయితే అవకలన సమీకరణాలు, లీనియర్ ఆల్జీబ్రా నాకు అంతకు ముందు లేనంత దగ్గరయ్యాయి. పదార్థంలోని ఎలక్ట్రాన్లను లెక్కగట్టడానికి కోన్, షామ్ 1965లో ఇచ్చిన సమీకరణాలను కంప్యూటరు మీద సిలికాన్‌కు సాధిస్తే లాటిస్ కొలత దాదాపు కచ్చితంగా వచ్చి, 1.1 ఎలక్ట్రాన్ వోల్టులు ఉండవలసిన బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్లకు సాధ్యం కాని శక్తుల ఖాళీ) మాత్రం సగానికి సగం తక్కువ రావడం, అది ప్రోగ్రామ్‌లో పొరపాటు కాక మనం చేసిన ఉజ్జాయింపు స్వభావమేనని తెలియడం, గణిత విద్యార్థికి ఎక్కడో తగలవలసిన చోట తగిలే విషయం.

ఉద్యోగం సంగతి క్లుప్తంగా చెబుతాను. ఈ రెండో మేజర్ ఒక్కటీ ఎవరినీ మెటలర్జిస్టును చేయదు, అడిగేవాళ్లు మొదట చూసేది మొదటి మేజర్‌నే. కాని డిఫ్రాక్షన్ యంత్రం మీద, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు మీద సొంతంగా పనిచేసి, తప్పు ఎక్కడ వచ్చిందో చెప్పగలిగినవాళ్లతో మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది. రసాయనశాస్త్రం, మెకానికల్, ఎలక్ట్రికల్ చదివేవాళ్లకు ఇది సూటిగా పనికివస్తుంది. గణితం, కంప్యూటర్ సైన్స్ వాళ్లకు పనికిరావడం అనేది వాళ్లు ల్యాబ్‌లో ఎంతసేపు ఉన్నారన్నదాని మీద ఆధారపడుతుంది. క్వాంటమ్ మెకానిక్స్ కనీసం ఒక పేపరు చదవకుండా చేరవద్దు. కోర్సు వివరాల్లో ‘చదివి ఉంటే మంచిది’ అని రాసి ఉన్న చోట ‘చదవకపోతే మునుగుతారు’ అని చదువుకోవాలి.

చేరాలనే నిర్ణయించుకున్నవాళ్లు పేపర్ల వరసను కోర్సు పట్టికలో ఉన్నట్టు కాకుండా కాస్త మార్చుకుంటే సుఖపడతారు. స్టాటిస్టికల్ మెకానిక్స్ అయ్యాకే సెమీకండక్టర్ పేపరు తీసుకోండి. లోపాల పేపరును, మెటలోగ్రఫీ ల్యాబ్‌ను ఒకే సెమిస్టరులో పెట్టుకోండి, ఉదయం విన్నది సాయంత్రం కంటపడుతుంది. కొలిమి అవసరమయ్యే ప్రయోగాలను సెమిస్టరు మొదటి నెలలోనే, ఎవరూ అడగనప్పుడే రాయించుకోండి. పరీక్షల ముందు వారం ఆ స్లాట్ దొరకదు, దొరికినా రాత్రంతా దొరకదు.